నూటికి రెండు తరుగు

ముందుగా ఒక మాట చెప్పాలి. మా డైరెక్టరు త్రివిక్రమరావుగారు చెడ్డవారు కారు. ఇరవై రెండేళ్ళు బియ్యం గోడౌన్లు చూసుకుని, ఒక్క గింజ కూడా అటూ ఇటూ పోనివ్వలేదన్న పేరు తెచ్చుకుని, ఆ పేరుతోనే మా సంస్థకు బదిలీ అయి వచ్చారు. మాది కాకినాడలోని తీరప్రాంత సమాచార పరికరాల పరీక్షా సంస్థ. ఇక్కడ బియ్యం ఉండవు. కంప్యూటర్ల మధ్య కబుర్లు మోసే పెట్టెలను సర్కారు కొనబోయే ముందు మేం పరీక్ష చేసి, బాగున్నాయనో బాగాలేవనో కాగితం ఇస్తాం. ఈ తేడా ఆయనకు మొదటి రోజునే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. సూపరింటెండెంటుగా ఆ బాధ్యత నాదే. అయితే ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో, కొత్త అధికారికి మొదటి వారంలో ఏదైనా చెప్పి బాగుపడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

పరీక్ష సంగతి ఆయన అడిగితే నాకు తెలిసినంతలో చెప్పాను. పెట్టెకు ఒక పక్క పంపే యంత్రం ఉంటుంది, రెండో పక్క పట్టే యంత్రం. పంపే యంత్రం పాకెట్లు తయారుచేసి వదులుతుంది. పాకెట్ అంటే చిరునామా రాసిన కబురు ముక్క. అవి పెట్టెలోంచి దాటి అవతలికి వస్తే పట్టే యంత్రం పట్టుకుని లెక్క రాస్తుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని, తేడాలు ఎందుకొచ్చాయో అర్థం చేసుకోవడం ఇంజనీరు పని. తేడా రాని రోజంటూ ఉండదు.

డైరెక్టరుగారి కళ్ళు మెరిశాయి.

"అంటే లోడింగూ, అన్‌లోడింగూ అన్నమాట," అన్నారు.

"అంతేనండి," అన్నాను నేను. ఆ నాలుగక్షరాల వినయానికి తర్వాత చాలా విచారించాను.

మూడో రోజున సర్క్యులర్ వెలువడింది. "ఇకమీదట పరీక్షయందు పంపబడిన పాకెట్లకును, పట్టబడిన పాకెట్లకును సంఖ్యలో గాని, తూకములో గాని, వేళలో గాని ఎట్టి వ్యత్యాసమును ఉండరాదు. ఉన్నచో సంబంధిత ఉద్యోగి పూర్తి బాధ్యత వహింపవలెను." రాసింది నేనే. తూకం అనే మాట వద్దని చెప్పి చూశాను గానీ, డైరెక్టరుగారు తూకం లేని సర్క్యులర్ మీద సంతకం పెట్టడం తన మనస్సాక్షికి విరుద్ధమన్నారు.

ఆ సర్క్యులర్‌కు మొదట దొరికింది ఉమ్మిడి నూకరత్నం. మా టెస్ట్ ఇంజనీరు. చేరి ఇరవై రెండు నెలలైంది. ఇంకో రెండు నెలలు గడిస్తే ప్రొబేషన్ పూర్తయి ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఆమెది సూరాడపేట. సముద్రం మీదికి వెళ్ళి బతికే ఊరు. అక్కడి పడవల సంఘానికి ఆమె మేనమామ ఎల్లాజీ అధ్యక్షుడు. ఆ వారం ఆమె బల్లమీదికి వచ్చిన పెట్టె కూడా సముద్రానికి సంబంధించిందే. జిల్లా కేంద్రం నుంచి తీరంలోని ఊళ్ళకు తుపాను హెచ్చరికలు మోసుకుపోవడానికి దాన్ని కొనబోతున్నారు.

నూకరత్నం ఆ పెట్టె గుండా పొట్టివీ పొడుగువీ కలిపి లక్ష పాకెట్లు పంపింది. లెక్కలు డైరెక్టరుగారి బల్లమీదికి చేరాయి. ఆయన ఎర్ర పెన్సిల్ తీసి, పదే పది నిమిషాల్లో కొరత పట్టేశారు.

"ఈ మొదటి పాకెట్ అరవై నాలుగు బైట్లు పంపినట్టు ఇటు రాసి ఉంది. అటు పట్టింది అరవై. కింద ప్రతిదాంట్లోనూ అంతే. నాలుగేసి బైట్లు ఏమయ్యాయమ్మా?"

"అయి సీలు లాంటియండి," అంది నూకరత్నం. "దార్లో పాకెట్ పాడైందో లేదో చూసుకోడానికి చివర్లో నాలుగు బైట్లు తగిలిస్తారండి. అవతలున్న నెట్‌వర్క్ కార్డు ఆ సీలు చూసుకుని, బాగుంటే చింపేసి, లోపలి సరుకు మాత్రం యంత్రానికిస్తదండి. అందుకే పట్టినోళ్ళకి సీలు కనపడదండి. పోవడం కాదండి అది."

"సీలు చింపారా? ఎవరి అనుమతితో?"

"మనుషులు కాదండి, కార్డు చింపుద్దండి. లోకమంతా అంతేనండి."

"లోకమంతటా జరిగే అక్రమాలు ఈ సంస్థలో జరగడానికి వీల్లేదు," అన్నారు డైరెక్టరుగారు. "పాకెట్‌కు నాలుగు చొప్పున లక్ష పాకెట్లకు నాలుగు లక్షల బైట్ల కొరత. కామేశంగారూ, రాసుకోండి."

కామేశం అంటే నేనే. రాసుకున్నాను.

నాలుగు లక్షల బైట్ల కొరత మీద విచారణ సంఘం ఏర్పడింది. జాయింటు డైరెక్టరు అనంతపద్మనాభంగారు దానికి అధ్యక్షుడు. ఆయన ఏ పనీ తొందరపడి చేయరు, ఏ పనీ మానరు కూడా. మొదటి సమావేశంలోనే రవాణా మార్గాన్ని స్వయంగా తనిఖీ చేస్తానన్నారు. రవాణా మార్గం అంటే నీలం రంగు కేబుల్. పొడవు మూడు గజాలు. దాన్ని ఆయన ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేళ్ళతో తడిమి చూసి, చిల్లులు లేవని ధ్రువీకరించారు. గోడౌన్లో బస్తా కారితే కింద పడ్డ గింజలు ఊడ్చి తూస్తారు గదా, ఆ పద్ధతే ఇక్కడా పాటించాలని డైరెక్టరుగారు సెలవిచ్చారు. కేబుల్ కింద స్టీలు పళ్ళేలు రెండు పెట్టించారు. అటెండరు గంగరాజు రోజూ సాయంత్రం అక్కడ ఊడ్చి రిజిస్టరులో రాయాలి.

గంగరాజు మొదటి రోజు "దుమ్ము" అని రాశాడు. ఆ మాట కార్యాలయ మర్యాదకు తగదని కొట్టేసి "నిల్" అని రాయించాను. రెండో రోజు ఒక గుండుపిన్ను దొరికింది. అది ఎన్ని బైట్లకు సమానమో తేల్చమని ఫైలు నా దగ్గరికి వచ్చి, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

విచారణ లోతుకు వెళ్ళేకొద్దీ ఇంకో సంగతి బయటపడింది. పట్టిన పాకెట్లలో రెండువందల పద్నాలుగు మనం పంపినవే కావు! అనంతపద్మనాభంగారి ముఖం పాలిపోయింది. సర్కారు కార్యాలయంలో తక్కువైతే ఎవరో తిన్నారని సరిపెట్టుకోవచ్చు. ఎక్కువైతే ఎవరో తెచ్చి పెట్టారని అర్థం. అలా తెచ్చి పెట్టినవాడి ఉద్దేశం ఎప్పుడూ మంచిది కాదు.

"వీటిలో ఏముంది?" అని అడిగారు.

నూకరత్నం తెరమీద చూపించింది. ఒకదాంట్లో ఇలా ఉంది: ఫలానా నంబరు ఎవరిది? ఫలానా నంబరుకు చెప్పండి. దాని కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ అదే.

"ఎవరో ఎవరి గురించో ఆరా తీస్తున్నారు!" అన్నారు అనంతపద్మనాభంగారు గొంతు తగ్గించి.

"పెట్టెనండి, అడిగేది. పక్కన ఎవరున్నారో దానికి తెలియాలి కదండీ? పక్కింటోళ్ళని పలకరించినట్టన్నమాట. మిగతాయి మన ప్రింటరువండి. అరనిమిషానికోసారి 'నేనిక్కడున్నాను' అని అరుస్తా ఉంటదండి."

"ప్రింటరు పరీక్ష గదిలోకి ఎలా వచ్చింది?"

"నివేదికలు ఇక్కడే అచ్చు కావాలని మొన్న మీరే తీగ వేయించారండి."

ఈ చివరి వాక్యాన్ని నివేదికలో చేర్చవద్దని అధ్యక్షులవారు ఆదేశించారు. ప్రింటరుకు మాత్రం ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో జారీ అయింది. ఆ మెమో అచ్చువేసింది ఆ ప్రింటరే. నోటీసు బోర్డుమీద కూడా ఒక ప్రకటన అంటించాం. "హక్కుదారులు లేని పాకెట్లు రెండువందల పద్నాలుగు ఈ కార్యాలయములో కలవు. తమవని భావించువారు తగు ఆధారములతో పదిహేను దినములలోగా హాజరు కావలెను." ఎవరూ రాలేదు. పాకెట్లను భద్రంగా ఒక డిస్కులో పెట్టి, డిస్కును బీరువాలో పెట్టి, బీరువాకు లక్క సీలు వేశాం.

వేళల పట్టిక చూసేటప్పుడు మాత్రం డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పంపిన వేళ పదకొండు గంటల మూడు సెకన్లు. చేరిన వేళ సరిగ్గా పదకొండు.

"పంపకముందే చేరాయా?"

"లేదండి. పంపే యంత్రం గడియారం మూడు సెకన్లు ముందుందండి. రెండూ కలపలేదు, నాదే పొరపాటండి. ఇయ్యాలే సరిచేసేస్తానండి," అంది నూకరత్నం.

"సరిచేయవద్దు!" అని కేక వేశారాయన. "ఇరవై రెండేళ్ళలో నేను ఆలస్యంగా వచ్చిన లారీలనే చూశాను. బయలుదేరకముందే చేరిన సరుకును ఇదే చూడటం. ఇది మన సంస్థ సాధించిన ఘనత."

ఆ సాయంత్రం నూకరత్నం చేతికి నేను రెండు కవర్లు ఇచ్చాను. ఒకదాంట్లో నాలుగు లక్షల బైట్లు పోగొట్టినందుకు సంజాయిషీ మెమో. రెండోదాంట్లో రవాణాను మూడు సెకన్లు ముందుకు జరిపినందుకు ప్రశంసాపత్రం. రెండింటి మీదా ఒకే తేదీ, ఒకే పరీక్ష నంబరు. ఆమె రెండూ చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత వెళ్ళకుండా నా బల్ల ముందే నిలబడిపోయింది.

"కామేశంగారూ, ఒక్క నిమిషం చూస్తారా?"

చూస్తానన్నాను. ఆమె ఒక కాగితం పరిచింది.

"సీలు సంగతి తేడా కాదండి. ప్రింటరు గోలా తేడా కాదండి. గడియారం అసలే కాదు. అయన్నీ తీసేస్తే మిగిలింది ఒకటే తేడా అండి. మనం పంపిన లక్షలో పదిహేడు నిజంగా అవతలికి రాలేదండి."

"లక్షలో పదిహేడే కదమ్మా?"

"ఆ పదిహేడూ అన్నింటికన్నా పొడుగైనయండి. అంత పొడుగువి పంపిందే పదిహేడండి. ఒక్కటీ దాటలేదు." ఆమె వేలు కాగితం మీద ఆగింది. "తుపాను కబురంటే ఊళ్ళ పేర్లన్నీ ఉంటాయండి. ఏ గాలి, ఎంత వేగం, ఎవరు తిరిగి రావాలి, అన్నీ ఉంటాయి. అది పొడుగ్గానే ఉంటది కదండీ? 'ఇయ్యాల ఎండగా ఉంది' అనే కబురు చక్కగా చేరుద్దండి. తుపానొస్తందని పంపితేనే చేరదు. మావోళ్ళు ఎండ కబురు చూసుకుని పడవలు తోసుకుపోతారండి."

అంతవరకూ ఆ పెట్టె నాకు ఫైలు నంబరు. ఆ మాటతో దానికవతల మనుషులు కనిపించారు. అయినా నేను సూపరింటెండెంటును. "పై అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వమ్మా," అన్నాను.

రాతపూర్వకంగా ఇచ్చింది. డైరెక్టరుగారు ఎర్ర పెన్సిల్‌తో కూడికలూ తీసివేతలూ చేసి, ఐదు నిమిషాల్లో చిరునవ్వు నవ్వారు.

"కొరత పదిహేడు. మిగులు రెండువందల పద్నాలుగు. ఒక బస్తా తగ్గినచోట ఇంకో బస్తా పెరిగితే నికరం చూస్తాం. నికరంగా మనకు నూట తొంభై ఏడు మిగులే ఉంది కదమ్మా! ఇంక కొరత ఎక్కడిది?"

"ఆ మిగులంతా ప్రింటరు అరుపులండి!"

"అరుపైనా పాకెట్టే."

నూకరత్నం వినలేదు. మళ్ళీ రాసింది. మూడోసారి రాసింది. నాలుగోసారికి డైరెక్టరుగారికి విసుగు వచ్చి, విసుగులోంచి ఒక విధానం పుట్టింది. బియ్యానికి తరుగు ఉంటుంది. ఎలుక తింటుంది, తేమ ఆరుతుంది, గాలికి పోతుంది. నూటికి ఇంత అని ఒప్పుకుంటే ఏ గోడౌన్లోనూ గొడవ ఉండదు. పాకెట్లకు మాత్రం తరుగు ఎందుకుండకూడదు? "పాకెట్ల రవాణాలో నూటికి రెండు వరకు సహజ తరుగుగా పరిగణింపవలెను" అని కొత్త సర్క్యులర్ వచ్చింది. పోయిన నాలుగు బైట్లను కూడా దయతో ఎండుతరుగు కింద సర్దేశారు. పళ్ళేలు క్యాంటీన్‌కు తిరిగి వెళ్ళిపోయాయి. లక్షకు పదిహేడంటే నూటికి రెండులో ఏ మూలకూ రాదు. కాబట్టి పెట్టె పాసైనట్టే. దాని కాగితం మీద టెస్ట్ ఇంజనీరు సంతకం ఒక్కటే తక్కువ.

సంతకం కోసం నెలాఖరున సమావేశం పెట్టారు. డైరెక్టరుగారు, అనంతపద్మనాభంగారు, నూకరత్నం, మినిట్సు రాయడానికి నేను. బల్లమీద రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి పెట్టెది, రెండోది నూకరత్నం ప్రొబేషన్‌ది.

"అమ్మా, మీరు సమర్థురాలు. ప్రశంసాపత్రం కూడా పొంది ఉన్నారు," అని మొదలుపెట్టారు అనంతపద్మనాభంగారు. "సంస్థ యొక్క సామూహిక విజ్ఞతను గౌరవించి ఈ ధ్రువపత్రముపై సంతకము చేసినచో, రెండవ ఫైలు కూడా అదే వేగముతో ముందుకు సాగగలదు."

"చెయ్యకపోతేనండి?"

"ఫైలు అనునది సంతకము మీదనే గదా సాగునది," అన్నారాయన బాధగా.

నూకరత్నం కాసేపు రెండు ఫైళ్ళవైపూ చూసింది. ఆమె తన ఫైలును కాస్త పక్కకు జరపడం నేను గమనించాను. మినిట్సులో రాయలేదు.

"సరేనండి. నూటికి రెండు తరుగు ఒప్పుకుంటానండి," అంది. డైరెక్టరుగారు కలం అందించారు. ఆమె అందుకోలేదు. "కానీ ఒక్క సాయం చెయ్యండి. నూరు పడవల్లో ఆ రెండు పడవలేయో ముందే చెప్పెయ్యండి. మావోళ్ళు ఆ రెండింటినీ ఒడ్డునే కట్టేసుకుంటారు. మిగతా తొంభై ఎనిమిదీ నిశ్చింతగా ఎల్లొస్తాయండి."

ఇంక ఈ అమ్మాయి పని అయిపోయిందనుకున్నాను.

డైరెక్టరుగారు బల్లమీద చరిచి, "భేష్!" అన్నారు. "చూశారా, అనంతపద్మనాభంగారూ! ఏ బస్తాకు తరుగు రాబోతోందో ముందే గుర్తించాలని నేను ఇరవై రెండేళ్ళుగా మొత్తుకున్నాను. ఒక్కరికీ ఎక్కలేదు. కామేశంగారూ, వెంటనే సూరాడపేట పడవల సంఘానికి ఉత్తరం రాయండి. జవాబు వచ్చాక అమ్మాయి సంతకం పెడుతుంది."

"అలాగేనండి," అంది నూకరత్నం.

పై అధికారి చెప్పిన మాటను చెప్పినట్టు నేనెప్పుడూ రాయను. కోసుకుపోయే అంచులన్నీ అరగదీసి, చదివినవాడికి ఏమీ అర్థం కాకుండా చేసి పంపుతాను. ముప్పై ఒక్కేళ్ళుగా ఈ కార్యాలయాన్ని కాపాడుతున్నది ఆ విద్యే. ఆ రోజు మాత్రం ఒక్క అంచు కూడా అరగదీయలేదు. "విషయము: తుపాను హెచ్చరికల వ్యవస్థ - అనుమతింపబడిన నూటికి రెండు తరుగు - తరుగు పడవల గుర్తింపు - గురించి. మీ సంఘములోని పడవలలో నూటికి రెండింటికి తుపాను హెచ్చరిక చేరకపోవుట సహజముగా భావింపబడినది. కావున సదరు పడవలను మీరే ఎంపిక చేసి వివరములు పంపవలెను." అని శుభ్రంగా రాసి, డైరెక్టరుగారికి చూపించి, ఆయన తరఫున నా పేరుతో సంతకం చేసి, పోస్టులో వేశాను.

ఆరో రోజున జవాబు వచ్చింది. సంఘం ముద్ర ఉన్న కాగితం మీద ఎల్లాజీ సొంత చేతిరాత. డైరెక్టరుగారు చదవమన్నారు. నేను పైకి చదివాను.

"డైరెక్టరు గారికి దండాలు. మీ ఉత్తరం సంఘంలో అందరికీ చదివి వినిపించాం. ఆడోళ్ళు కూడా విన్నారు. నూటికి రెండు అన్నారు. మా ఊళ్ళో పడవలు నూట యాభై. కాబట్టి లెక్కప్రకారం మూడు వస్తాయి. మీ మాట కాదనకుండా మూడు పడవలు ఏరి ఒడ్డున కట్టాం. తరుగు ఒకటి, తరుగు రెండు, తరుగు మూడు అని రంగుతో రాయించాం. కానీ వాటిలోకి ఎక్కడానికి మావోళ్ళు ఒక్కరూ ఒప్పుకోడం లేదు. బతిమాలాం, లాభం లేదు. అందుకని సంఘం ఒక తీర్మానం చేసింది. కబురు చేరకపోయినా పరవాలేదని తేల్చింది మీరే కాబట్టి, ఆ పడవల్లోకి మీరే వస్తే న్యాయంగా ఉంటది. ఒకటోది డైరెక్టరు గారికి. రెండోది విచారణ పెద్దాయనకి. మూడోది ఈ ఉత్తరం కింద సంతకం పెట్టిన కామేశం గారికి. ఈ నెలలో సముద్రం బాగోదంటన్నారు, కాబట్టి తొందరగా రాగలరు. లైఫ్ జాకెట్లు కుట్టించాలి. కాగితం జతపరిచాం, మీ ముగ్గురి ఛాతీ కొలతలు రాసి పంపగలరు. ఇట్లు, మేరుగు ఎల్లాజీ."

చదవడం అయిపోయింది. డైరెక్టరుగారు ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి చదువుకున్నారు. అనంతపద్మనాభంగారు తనకు ఈత రాదని, ఆ విషయం సర్వీసు రిజిస్టరులో నమోదై ఉందని చెప్పారు.

"కామేశంగారూ, ఈ నూటికి రెండు ఎవరు పెట్టారు?"

"తమరేనండి."

"రద్దు చేయండి. పూర్వపు తేదీతో రద్దు చేయండి."

"పదిహేడు పాకెట్ల సంగతండి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. మా కార్యాలయం నుంచి సముద్రం కనిపించదు. అయినా చాలాసేపు చూశారు. "ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదు," అన్నారు చివరికి. ఆయన గొంతులో గోడౌన్ వినిపించకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పెట్టె తయారుచేసిన కంపెనీ మనిషిని పిలిపించారు. నూకరత్నం పక్కన కూర్చుని చూపిస్తుంటే అతనికి పావుగంటలో తప్పు దొరికింది. వచ్చిన ప్రతి పాకెట్‌కూ ఆ పెట్టె తనే నాలుగు బైట్ల చీటీ ఒకటి అతికిస్తోంది. బయటికి వదిలేముందు దాన్ని పీకేస్తుంది గానీ, పొడుగువాటికి అతికించాక పొడవు ఎక్కువైందని తనే పారేస్తోంది. ఇలా పనిచేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను గనుక నాకేమీ వింతగా అనిపించలేదు. పెట్టె లోపల, ఇంతకన్నా పొడుగు వద్దనే అంకెను మార్చారు. ప్రింటరు తీగ పీకేసి, గడియారాలు కలిపి, పరీక్ష మళ్ళీ చేశారు. పొడుగువి పదిహేడు పంపితే పదిహేడూ వచ్చాయి. నూకరత్నం ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, అప్పుడు సంతకం పెట్టింది. ప్రొబేషన్ ఫైలు మీద డైరెక్టరుగారు నిలబడే సంతకం చేశారు.

ఎల్లాజీకి జవాబు రాసే పని నాకే పడింది. తరుగు పడవల అవసరం ఇక లేదని, వాటిని మామూలు పడవలుగా భావించగలరని రాసి, ఆయన పంపిన కొలతల కాగితం కూడా తిరిగి పంపుదామని తీశాను. మొదటి వరుస ఖాళీ. రెండో వరుస ఖాళీ. మూడో వరుసలో నా పేరుకెదురుగా ఛాతీ నలభై రెండని రాసి ఉంది. ఎప్పుడు కొలుచుకున్నానో గుర్తులేదు. చేతిరాత మాత్రం నాదే.